ఐటీ పాలన: సంస్థను నడిపేవారు అడగవలసిన ప్రశ్నలు

ఒక సంస్థ తన కంప్యూటర్ వ్యవస్థల మీద ఎంత ఖర్చు పెట్టాలి, ఆ డబ్బు ముందుగా ఏ పనికి వెళ్లాలి, ఎంత ముప్పును భరించవచ్చు, తేడా వస్తే జవాబు చెప్పవలసింది ఎవరు అన్న నిర్ణయాలు ఉంటాయి. ఈ నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో, వాటి అమలును ఎవరు సరిచూడాలో ముందే తేల్చిపెట్టుకునే ఏర్పాటును ఐటీ పాలన, అంటే ఐటీ గవర్నెన్స్ అంటారు. ప్రోగ్రాములు రాయడం, సర్వర్లు నడపడం దీని కిందికి రావు. ఆ పనులకు నిపుణులు వేరే ఉంటారు. వారు చేస్తున్న పని సంస్థ అవసరానికి తగినట్టు ఉందా, పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతోందా, అనుకోని ఆపద వస్తే సంస్థ నిలబడుతుందా అని చూడడం మాత్రం యాజమాన్యం బాధ్యత, డైరెక్టర్ల బోర్డు బాధ్యత.

అయినా చాలాచోట్ల ఈ విషయం బోర్డు ముందుకు వచ్చేసరికి మాటలు తగ్గిపోతాయి. వ్యాపారంలో తలపండినవారు కూడా 'అది మా ఐటీ వాళ్లు చూసుకుంటారు' అని తప్పుకుంటారు. లెక్కల విషయంలో ఇదే మనుషులు అలా తప్పుకోరు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదవని యజమాని కూడా బ్యాంకులో నిల్వ ఎంత, రావలసిన బాకీలు ఎందుకు పేరుకుపోయాయి, ఆడిటరు ఏ అభ్యంతరం రాశాడు అని నిలదీసి అడుగుతాడు. జమాఖర్చులు రాయడం రాకపోవడం ఆ ప్రశ్నలకు ఎప్పుడూ అడ్డు కాలేదు. ఐటీ విషయంలో అడ్డుగా నిలుస్తున్నది పరిభాష మీద ఉన్న భయమే. ఈ పాతికేళ్లలో పెద్ద పెద్ద సంస్థలను కుదిపేసిన ఐటీ వైఫల్యాలను పరిశీలిస్తే, వాటిలో ఎన్నో మామూలు వ్యాపార ప్రశ్న ఒకటి ఎవరూ అడగకపోవడం వల్ల పెరిగి పెద్దవైనవే.

ఈ రంగంలో అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఐఎస్ఓ సంస్థ 2008లో 38500 అనే సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. సంస్థ పెద్దలు చేయవలసిన పనిని అది మూడు మాటల్లో చెబుతుంది: పరిస్థితిని అంచనా వేయడం, దిశ చూపడం, అమలును కనిపెట్టి ఉండడం. ఐసాకా అనే వృత్తి సంఘం రూపొందించిన కోబిట్ అనే చట్రం 1996 నుంచి వాడుకలో ఉంది. దాని 2019 రూపంలో మొత్తం 40 లక్ష్యాలుంటే, పాలకవర్గం నేరుగా చూసుకోవలసినవి అయిదే. మిగిలిన 35 నిర్వహణ యంత్రాంగానివి. అంటే, సాంకేతిక వివరాల కొండను బోర్డు నెత్తిన పెట్టుకోవాలని ఈ చట్రాలు కూడా కోరడం లేదు.

అమెరికాలోని ఎంఐటీలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జీన్ రాస్, పీటర్ వైల్ 2002 నవంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. ఐటీ విభాగం తీసుకోకూడని ఆరు నిర్ణయాలను అందులో గుర్తించారు. మొత్తం ఖర్చు ఎంత, ఏ వ్యాపార పనులకు ఆ డబ్బు వెళ్లాలి, సంస్థ అంతటికీ ఉమ్మడిగా ఉండవలసినవి ఏవి, సేవలు ఎంత నాణ్యంగా ఉండాలి, భద్రత విషయంలో ఎంత ముప్పును ఒప్పుకోవచ్చు, ఒక ప్రాజెక్టు విఫలమైతే బాధ్యత ఎవరిది. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా కంప్యూటర్ శాస్త్రానికి చెందిన ప్రశ్న కాదు. వ్యాస రచయితల వాదన సూటిగా ఉంటుంది: వ్యాపార నాయకులు ఈ నిర్ణయాలను వదిలేసినంత మాత్రాన అవి ఆగిపోవు. సాంకేతిక అధికారులు తమకు తోచినట్టు తీసుకుంటారు. వారికి వ్యాపారం మొత్తం కనబడదు గనుక ఆ నిర్ణయాలు ఒక్కోసారి గురి తప్పుతాయి.

మొదటి రెండూ డబ్బుకు సంబంధించినవి. ప్రతి విభాగమూ తన పనే అత్యవసరమంటుంది. అమ్మకాలవారికి కొత్త మొబైల్ యాప్ కావాలి, గోదామువారికి సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ కావాలి, మానవ వనరులవారికి హాజరు యంత్రాలు కావాలి. వీటిలో ఏది ముందో పైవారు తేల్చకపోతే ఐటీ అధికారి అన్నింటినీ కొంచెం కొంచెంగా మొదలుపెడతాడు. ఏడాది తిరిగేసరికి సగంలో ఆగిన పనులే మిగులుతాయి. ఈ స్థితికి ఐటీ విభాగాన్ని తప్పుపట్టడం అన్యాయం. వరస తేల్చవలసింది యాజమాన్యం.

మూడోది, ఉమ్మడిగా ఏముండాలన్న ప్రశ్న. నాలుగు ఊళ్లలో శాఖలున్న ఒక ఆసుపత్రిని ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక రోగికి అన్ని శాఖల్లోనూ ఒకే నమోదు సంఖ్య ఉండాలా, శాఖకొకటి ఉన్నా ఫరవాలేదా? ఒకటే ఉంటే గుంటూరులో చేసిన పరీక్ష ఫలితం హైదరాబాదు వైద్యుడికి కనబడుతుంది. కానీ నాలుగు శాఖలూ తమ అలవాట్లు మార్చుకోవాలి, ఖర్చు పెరుగుతుంది, ఒకచోట తప్పు దొర్లితే అన్నిచోట్లా తగులుతుంది. ఇక్కడ బేరీజు వేయవలసింది వైద్యమూ వ్యాపారమూ తెలిసినవారు.

నాలుగో ప్రశ్న సేవల నాణ్యత. ఏ వ్యవస్థా ఒక్క క్షణం కూడా ఆగకూడదని కోరుకోవడం సులువు. అందుకు అయ్యే ఖర్చును భరించడం కష్టం. ఏది గంటసేపు ఆగినా ఫరవాలేదు, ఏది నిమిషం కూడా ఆగకూడదు అన్నది ముందే విడదీసుకోవాలి. దేశంలోని పెద్ద ప్రైవేటు బ్యాంకుల్లో ఒకటైన హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకు 2020లో ఇది కఠినంగా తెలిసివచ్చింది. రెండేళ్లుగా ఆన్‌లైన్ సేవలు పలుమార్లు నిలిచిపోయాయి. ఆ ఏడాది నవంబరు 21న ప్రధాన డేటా సెంటర్‌లో విద్యుత్తు పోయి సేవలు మరోసారి ఆగాయి. డిసెంబరు 2న రిజర్వు బ్యాంకు, కొత్త డిజిటల్ కార్యక్రమాలు మొదలుపెట్టవద్దని, కొత్త క్రెడిట్ కార్డు ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆదేశించింది. ఆ ఆదేశంలోనే ఇంకో మాట కూడా ఉంది: లోపాలను పరిశీలించి బాధ్యత ఎవరిదో తేల్చవలసింది డైరెక్టర్ల బోర్డు అని. ఆంక్షలు పూర్తిగా తొలగేసరికి 2022 మార్చి వచ్చింది. కరెంటు పోవడం సాంకేతిక సమస్యే. అది పోయినప్పుడు పని ఎలా సాగాలన్నది మాత్రం బోర్డు సమస్య అని నియంత్రణ సంస్థ అక్కడ తేల్చి చెప్పింది.

ప్రాజెక్టు విఫలమైతే బాధ్యత ఎవరిదన్న ఆరో ప్రశ్నను ముందుగా చూద్దాం. బోర్డు అడగవలసిన ప్రశ్నలు అడగకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఉదంతాన్ని మించినది లేదు. అందుకే దాన్ని కొంత వివరంగా చూడాలి. ఆ బ్యాంకు అంతకుముందు లాయిడ్స్ బ్యాంకులో భాగం. విడిపోయాక కూడా లాయిడ్స్ కంప్యూటర్ వ్యవస్థ మీదే నడుస్తూ, అందుకు రుసుము చెల్లించేది. 2015లో స్పెయిన్‌కు చెందిన సబడెల్ బ్యాంకు దాన్ని కొనుక్కుంది. ఖాతాలన్నింటినీ తమ సొంత వ్యవస్థకు మార్చాలని నిర్ణయించింది. మొదట 2017 నవంబరుకు పూర్తి కావాలనుకున్న పని వెనకబడింది. గడువును 2018 తొలి నెలలకు జరిపారు. చివరికి 2018 ఏప్రిల్ 20 నుంచి 22 దాకా, ఒక వారాంతంలో, 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను ఒక్కసారిగా కొత్త వ్యవస్థలోకి మార్చారు.

వివరాలు సవ్యంగానే చేరాయి. కానీ వాటిని మోయవలసిన కొత్త వ్యవస్థ నిలబడలేదు. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో, బ్యాంకు శాఖల్లో సేవలు కుంటుపడ్డాయి. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలు తాము తెరవలేకపోయారు. ఇబ్బందులు పూర్తిగా సద్దుమణిగేసరికి డిసెంబరు వచ్చింది. ఆ సెప్టెంబరులోనే ప్రధాన కార్యనిర్వాహక అధికారి పదవి వదులుకున్నారు. 2022 డిసెంబరులో రెండు నియంత్రణ సంస్థలు కలిసి బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. ఖాతాదారులకు బ్యాంకు చెల్లించిన పరిహారం 3 కోట్ల 27 లక్షల పౌండ్లు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, మార్పిడి జరిగినప్పటి ముఖ్య సమాచార అధికారికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. పని అప్పగించిన సరఫరాదారు నిజంగా సిద్ధంగా ఉన్నాడో లేదో సరిగా నిర్ధారించుకోలేదన్నది ఆయన మీద ఉన్న ప్రధాన ఆక్షేపణ.

ఈ మొత్తం వ్యవహారం మీద బ్యాంకే ఒక న్యాయ సంస్థతో విచారణ చేయించింది. 2019 నవంబరులో వచ్చిన ఆ నివేదికలో వ్యాపార నాయకులు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఒకటుంది. ఇంగితజ్ఞానంతో అడగగలిగిన ప్రశ్నలను కూడా బోర్డు కార్యనిర్వాహకులను అడగలేదని అది చెప్పింది. ఉదాహరణకు, పని అప్పటికే నెలల తరబడి వెనకబడితే, కొత్త గడువు సరిపోతుందని ఏ లెక్కన చెబుతున్నారు? పరీక్షలు ఎన్ని చోట్ల చేశారు? కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల నుంచి ఏకకాలంలో నడవాలి. భారం ఎంత మోయగలదో చూసే పరీక్షలు మాత్రం వాటిలో ఒక్కదాని మీదే జరిగాయి. రెండూ ఒకే తీరుగా అమర్చి ఉన్నాయనుకున్నారు. తీరా చూస్తే ఆ రెండింటి అమరికలో తేడాలు ఉన్నాయి. 'రెండు కేంద్రాలనూ పరీక్షించారా?' అని అడగడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కరలేదు. 'ఒకేసారి అందరినీ మార్చే బదులు కొంతమందితో మొదలుపెట్టి చూడలేమా?' అన్నది కూడా అలాంటిదే. అలా చేస్తే వెనక్కి తిరిగి వచ్చే దారి ఉండేది.

గడువు తేదీని బయటికి ప్రకటించేసిన తర్వాత 'సిద్ధంగా లేము' అని చెప్పడం కింది ఉద్యోగులకు చాలా కష్టం. ఈ మాట వినడానికి పైవారు సుముఖంగా ఉన్నారని అందరికీ తెలిసినప్పుడే నిజం పైకి వస్తుంది. అందువల్ల తేదీ కంటే ముందు షరతులు రాసుకునే పద్ధతి మేలు. ఏయే పరీక్షలు నెగ్గితే ముందుకు వెళ్తాం, ఏది తప్పితే ఆగుతాం అన్నవి నెలల ముందే కాగితం మీద ఉండాలి. ఆఖరి వారంలో తొందర పెరిగినప్పుడు ఆ కాగితమే బోర్డుకు ఆధారం.

పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉదంతం ఇంకో రకం. 2018 ఫిబ్రవరి 14న ఆ బ్యాంకు, ముంబయిలోని తన బ్రాడీ హౌస్ శాఖలో సుమారు 11,400 కోట్ల రూపాయల మోసం జరిగినట్టు స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. తర్వాత ఆ మొత్తం ఇంకా పెరిగింది. వజ్రాల వ్యాపారుల తరఫున విదేశాల్లోని బ్యాంకులకు హామీ పత్రాలు వెళ్లాయి. ఆ సందేశాలు వెళ్లే స్విఫ్ట్ వ్యవస్థ ఒకటి, బ్యాంకు లెక్కలుండే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థ ఇంకొకటి. ఆ రెండింటికీ మధ్య అనుసంధానం లేదు. స్విఫ్ట్‌లో పంపిన హామీని కోర్ బ్యాంకింగ్‌లో ఒక మనిషి చేత్తో నమోదు చేయాలి. నమోదు చేయకపోతే బ్యాంకు పుస్తకాల్లో ఆ అప్పు ఉన్నట్టే కనబడదు. 2011 నుంచి ఏళ్ల తరబడి అదే జరిగిందని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. ఆ హామీలు ఇస్తూ వచ్చిన పాత అధికారి పదవీ విరమణ చేశాక, 2018 జనవరిలో ఆ వ్యాపారుల మనుషులు కొత్త హామీల కోసం వచ్చినప్పుడు కొత్త అధికారి పూర్తి నగదు పూచీ అడిగారు. ఇంతకుముందు ఎప్పుడూ అలా అడగలేదన్నారు వాళ్లు. పాత హామీల కోసం రికార్డులు వెతికితే అవి కనిపించలేదు. అలా మోసం బయటపడింది.

స్విఫ్ట్‌ను దుర్వినియోగం చేసే ప్రమాదం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించినట్టు రిజర్వు బ్యాంకు ఆ తర్వాత ప్రకటించింది. రెండు వ్యవస్థలనూ కలపడానికి 2018 ఏప్రిల్ 30 గడువు పెట్టింది. ఇక్కడ పాలనాపరమైన లోపం స్పష్టంగా కనబడుతుంది. హెచ్చరిక అందింది, పరిష్కారం తెలుసు, అది అసాధ్యమైన సాంకేతిక పని కూడా కాదు. రెండు విభాగాల నడుమ ఉన్న ఖాళీ మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. విదేశీ మారక విభాగానికి స్విఫ్ట్ కావాలి, ఐటీ విభాగానికి కోర్ బ్యాంకింగ్ కావాలి. మధ్యలో ఉన్న చేత్తో చేసే నమోదుకు యజమాని లేడు. ఏ సంస్థలోనైనా ఒక వ్యవస్థలోని సమాచారాన్ని మనిషి చూసి ఇంకో వ్యవస్థలోకి ఎక్కించే చోట్లు ఎన్ని ఉన్నాయో అడిగి, ప్రతిదానికీ ఒక బాధ్యుడి పేరు రాయించుకోవడం నాయకుడు చేయగల అత్యంత ఉపయోగకరమైన పనుల్లో ఒకటి.

ఇక అయిదో ప్రశ్న, భద్రత. అందులో ఒకటి ప్రవేశాధికారం. ఎవరి లాగిన్‌తో ఏం చేయవచ్చన్నది చిన్న విషయంగా కనబడుతుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో దాని విలువ తెలిసింది. 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు, లెక్కల్లో 5,040 కోట్ల రూపాయల నగదు లేనిదే ఉన్నట్టు చూపామని లేఖ రాశారు. ఆ తర్వాత సీబీఐ జరిపిన దర్యాప్తులో 7,500కు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. 'సూపర్ యూజర్' అనే ప్రత్యేక లాగిన్‌తో వాటిని సృష్టించి, సంబంధిత విభాగాలవారికి కనబడకుండా దాచారని, లెక్కల్లోకి మాత్రం అవి చేరాయని దర్యాప్తు సంస్థ పేర్కొంది. దేశంలోని అతి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకదానిలో, సొంత ఇన్‌వాయిస్ వ్యవస్థలో ఇది సాధ్యమైంది. అక్కడ సాంకేతిక జ్ఞానానికి కొరత లేదు. సర్వాధికారాలున్న లాగిన్‌ను స్వతంత్రంగా ఎవరు గమనిస్తున్నారన్న ప్రశ్నకు జవాబు లేదు.

సహకార బ్యాంకులకు ఈ ముప్పు బయటినుంచి కూడా వస్తుంది. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు వ్యవస్థలోకి చొరబడిన దుండగులు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్ల ద్వారా లోపలికి దారి దొరికిందని పోలీసులు తేల్చారు. సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. తమది చిన్న సంస్థ, తమ జోలికి ఎవరొస్తారన్న ధీమాకు ఆధారం లేదని ఇలాంటివి చెబుతున్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో చేసే మార్పుల అదుపు గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్ వాడడం మొదలుపెట్టింది. ఎనిమిది సర్వర్లలో దాన్ని పెట్టవలసి ఉండగా ఒకదాన్ని మరిచిపోయారు. ఆ ఒక్కదానిలో మిగిలిన పాత ప్రోగ్రాము మేల్కొని అదుపు లేకుండా ఆర్డర్లు పంపింది. ముక్కాలు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఒకరు చేసిన మార్పును రెండోవారు సరిచూడాలన్న లిఖిత నియమం ఆ సంస్థలో లేదని నియంత్రణ సంస్థ విచారణలో తేలింది. క్యాషియర్ లెక్కను మేనేజర్ సరిచూసే పద్ధతి వ్యాపారంలో తరతరాలుగా ఉన్నదే.

ఇప్పుడు సంస్థలు చాలావరకు ఐటీ పనిని బయటివారికి అప్పగిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఒకరిది, సర్వర్ ఇంకొకరిది, మరమ్మతు మరొకరిది. 2024 జులై చివరిలో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సేవల సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి, అంటే సమాచారానికి తాళం వేసి డబ్బు గుంజే దాడి, జరిగింది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ముందు జాగ్రత్తగా దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేసింది. దాంతో దాని మీద ఆధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపు సేవలు ఆగాయి. వాటి ఖాతాదారులు నిలదీసింది మాత్రం తమ ఊరి బ్యాంకునే. చట్టం కూడా ఇలాగే చూస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమాచారాన్ని బయటి సంస్థ చేత ప్రాసెస్ చేయించినా బాధ్యత సేకరించిన సంస్థదే. తగిన భద్రత ఏర్పాట్లు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. అందుచేత ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అడగవలసినవి ఉన్నాయి. ఆ సంస్థ తన పనిని మళ్లీ ఎవరికి అప్పగిస్తోంది? మన సమాచారం ఎక్కడ ఉంటుంది? ఒప్పందం ముగిసిన రోజున అది మనకు ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది? ఈ చివరి ప్రశ్నను చాలామంది విడిపోయే రోజున గానీ అడగరు. అప్పటికి బేరమాడే బలం పోయి ఉంటుంది.

ఆపదలో పని కొనసాగించడం మరో అధ్యాయం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంతో సహా పలుచోట్ల ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చాలా విమానాలు ఆలస్యమైనా కదిలాయి. కాగితంతో పని నడపడం తెలిసిన సిబ్బంది ఉండడం కూడా ఒక సన్నద్ధతే. బ్యాకప్‌లు తీస్తున్నామని దాదాపు ప్రతి ఐటీ విభాగమూ చెబుతుంది. వాటినుంచి సమాచారాన్ని తిరిగి రాబట్టి చూసింది చివరిసారి ఎప్పుడు, దానికి ఎంతసేపు పట్టింది అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. ప్రధాన వ్యవస్థతో పాటే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న బ్యాకప్‌ను కూడా రాన్సమ్‌వేర్ అదే దెబ్బతో తినేస్తుంది గనుక, ఒక ప్రతి విడిగా ఉందో లేదో కూడా అడగాలి.

మన దేశంలో బ్యాంకులకు, పెద్ద ఆర్థిక సంస్థలకు ఈ ఏర్పాట్లన్నీ ఇప్పుడు నిబంధనలుగా మారాయి. రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 7న ఐటీ పాలన మీద సమగ్ర ఆదేశం జారీ చేసింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బోర్డు స్థాయిలో కనీసం ముగ్గురు డైరెక్టర్లతో ఐటీ వ్యూహ కమిటీ ఉండాలి. దానికి ఐటీలో గట్టి అనుభవమున్న స్వతంత్ర డైరెక్టరు అధ్యక్షత వహించాలి. కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. కీలక వ్యవస్థలు దెబ్బతింటే ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి పని నడిపే కసరత్తు కనీసం ఆరు నెలలకోసారి జరగాలి. సమాచార భద్రత అధికారి, ఐటీ విభాగాధిపతి కింద పనిచేయకూడదు. ఈ చివరి నియమం ఎంతో ఆలోచించి పెట్టినది. పని త్వరగా పూర్తి చేయాలని ఒత్తిడి పడే మనిషి కిందే, 'ఆగండి' అని చెప్పవలసిన మనిషిని పెడితే ఆ మాట పైదాకా రాదు.

ఆ నిబంధనలు అమల్లోకి వచ్చిన నెలలోనే, 2024 ఏప్రిల్ 24న, కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా రిజర్వు బ్యాంకు నిలిపివేసింది. వరసగా రెండేళ్ల పరిశీలనల్లో కనబడిన లోపాలను సరిగా, సకాలంలో సరిదిద్దలేదన్నది కారణం. ఆంక్షలు 2025 ఫిబ్రవరిలో తొలగాయి. పరిశీలకులు ఎత్తిచూపిన వాటిలో ఐటీ ఆస్తుల జాబితా, అప్‌డేట్లు, ప్రవేశాధికారాలు, బయటి సంస్థలతో ఉండే ముప్పు, ఆపద సన్నద్ధత ఉన్నాయి. వీటిలో దేనికీ కొత్త ఆవిష్కరణ అవసరం లేదు. అన్నీ పట్టుగా, క్రమంగా చేసుకుపోవలసిన పనులే.

చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇన్ని కమిటీలు అక్కరలేదు. కానీ కొన్ని బాధ్యతలు వాటికీ తప్పవు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి. దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ఏడాది పొడవునా అది పనిచేసిందో లేదో ఆడిటరు తన నివేదికలో రాయాలి. సైబర్ దాడి లాంటివి జరిగితే, తెలిసిన ఆరు గంటల్లోపు జాతీయ స్థాయి సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశాలు చెబుతున్నాయి. అర్ధరాత్రి దాడి జరిగితే ఆ సమాచారం ఎవరు పంపాలో పగలే నిర్ణయించుకోకపోతే ఆరు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

రైసు మిల్లు కావచ్చు, ప్రైవేటు కళాశాల కావచ్చు, చిట్‌ఫండ్ సంస్థ కావచ్చు, ఇలాంటి చోట్ల తరచుగా కనిపించే బలహీనతలు కొన్ని ఉన్నాయి. పాస్‌వర్డ్‌లన్నీ ఒక్క నమ్మకస్తుడి దగ్గరే ఉంటాయి. అతను జబ్బుపడితే సంస్థ ఆగిపోతుంది. వెబ్‌సైటు పేరు, దాన్ని తయారుచేసి ఇచ్చినవారి పేరు మీద నమోదై ఉంటుంది. ఉద్యోగం మానేసినవారి లాగిన్లు నెలల తరబడి బతికే ఉంటాయి. డబ్బు చెల్లింపును నమోదు చేసేదీ, ఆమోదించేదీ ఒకే చేయి అవుతుంది. వీటిని సరిచేయడానికి పెద్ద ఖర్చు ఏమీ కాదు. యజమాని ఒక పూట కూర్చుని, ఏ వ్యవస్థకు ఎవరు బాధ్యులు, వారు లేనప్పుడు ఎవరు, ఎవరెవరికి ప్రవేశం ఉంది అని రాయించుకుంటే పని మొదలైనట్టే.

ఇక మిగిలింది నివేదికలు చదివే పద్ధతి. ఐటీ విభాగం నుంచి వచ్చే నివేదికలు తరచుగా ఆకుపచ్చ గుర్తులతో నిండి ఉంటాయి. నాయకుడు వాటిలో వెతకవలసినవి వేరు. గత మూడు నెలల్లో ఏ సేవ ఎంతసేపు ఆగింది, అందువల్ల ఎంతమంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. అనుకున్న తేదీకీ నిజంగా పూర్తయిన తేదీకీ మధ్య తేడా ప్రతి ప్రాజెక్టుకూ ఎంత. కిందటి ఆడిట్‌లో తేలిన లోపాల్లో ఇంకా మిగిలినవి ఎన్ని, వాటిలో రెండోసారి గడువు పొడిగించినవి ఏవి. ఏ సమాధానంలోనైనా అర్థం కాని మాట వస్తే, దాన్ని వ్యాపార పరిభాషలో, ఎంత డబ్బు, ఎంత సమయం, ఎంతమంది అని మళ్లీ చెప్పించుకోవాలి. అలా చెప్పలేకపోతే ఆ ప్రతిపాదన తర్వాతి సమావేశానికి వాయిదా పడాలి. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, బాధ్యుడి పేరు, గడువు తేదీ మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. తర్వాతి సమావేశం ఆ పేజీతోనే మొదలవ్వాలి.